ధ్రువీకరించడమైనది

రాజోలు తహసీల్దారాఫీసు ప్రహరీకి చేరేసి
నా బల్ల, నా మిషను, చువ్వ విరిగిన గొడుగు.
ఇరవయ్యారేళ్ళుగా ఇక్కడ జనం నిజాలు టైపు కొడుతున్నాను.
పేజీకి నలభై.

ఎవరి నిజమైనా చివరికొచ్చేసరికి ఒకటే మాట:
ధ్రువీకరించడమైనది.
ఎవరు చేశారో ఆ మాట చెప్పదు.
కర్త కుర్చీ ఖాళీ.
సాయంత్రానికి గుండ్రటి ముద్రొకటి వచ్చి అందులో కూర్చుంటుంది.

సోమవారం గుత్తుల నూకాయమ్మ వచ్చింది.
పాలిథీన్ సంచిలో పాసుపుస్తకం,
పుస్తకంలో మూడెకరాల పదకొండు సెంట్లు.
బయట ఎక్కడా లేవు.

"భూమి ఉండేదని రాయండి బాబూ.
ఇప్పుడు లేదని కూడా రాయండి.
రెండూ నిజవేనండి, ఆయ్."

హద్దులు చెప్పమన్నాను.
తూర్పున పల్లి ఏసుపాదం అరటితోట.
అదీ ఏట్లోనే.
పడమర గోదారి.
ఉత్తరం గోదారి.
దక్షిణం...
వేళ్ళమీద ఏవో లెక్కేసుకుని
"ఈ ఏటినుంచి అటూ గోదారేనండి" అంది.

మిషను మీద 'ధ్రు' కొట్టడం అంత తేలిక కాదు.
ధ కొట్టాలి, వెనక్కి రావాలి, కింద రావత్తు తగిలించాలి,
కొమ్ము పక్కకి జారిపోకుండా చూడాలి.
కదలనిదని అర్థమున్న అక్షరం
నా చేతికింద ఎప్పుడూ కుదురుగా ఉండలేదు.

చిన్నప్పుడు చయనులు మాస్టారు చెప్పేవారు,
ధ్రువమంటే ఉత్తరాన ఆ ఒక్క చుక్కేనని,
మిగతా ఆకాశమంతా దాని చుట్టూ తిరుగుతుందని.
రాత్రిపూట కొబ్బరి దోనెలు నడిపేవాళ్ళకి అదే దారట.
నేలమీద అలాంటిదేముంది ఇక్కడ?
ఒక రేవు పూడుతుంది, ఒక గట్టు విరుగుతుంది,
ఇసక రాత్రికి రాత్రి తాలూకా మారుతుంది.
ఒకడి పొలం కరిగి
అవతలొడ్డున ఇంకొకడికి మేటవుతుంది.
దానికీ పట్టా కావాలని వాడొస్తాడు.
వాడికీ నేనే కొడతాను, ఇదే మాట.

నిజం గురించి కూడా చెప్పారు మాస్టారు.
సంస్కృతంలో నిజమంటే 'తనది' అని మాత్రమేనట.
మన నోట్లో పడ్డాకే సత్యమైందట.
అప్పుడర్థం కాలేదు.
పాసుపుస్తకం తడి తగలకుండా
చీరకుచ్చిళ్ళలో దోపుకున్న ముసలమ్మని చూశాక,
ఆ రెండర్థాల మధ్య ఏరేమీ లేదనిపించింది.

చదివి వినిపించాను:
సర్వే నంబరు రెండొందల పద్నాలుగు బై మూడు,
నదీకోతకు గురై, పూర్తిగా.
"చివర్న ఆ పెద్దమాటేటి బాబూ?"

కదలకుండా నిలబెట్టడం, అన్నాను.

నవ్వింది.
ఉన్న నాలుగు పళ్ళూ కనపడేలా నవ్వింది.
"అయితే ఆ కాయితం నాకెందుకండీ,
గోదారికియ్యండి."

ఒట్టేయమంటే, అలవాటుగా వంగింది నేల ముట్టడానికి.
సగంలో ఆగిపోయింది.
కింద ఆఫీసువాళ్ళ సిమెంటు పలక.
ముట్టుకోకుండా ఒట్టెలా అంటుతుంది?
చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది కాసేపు,
పంటు దిగినవాడు ఒడ్డు వెతుక్కున్నట్టు.

అప్పుడు గుర్తొచ్చింది.
ఓటర్ల జాబితా పనిమీద ఆ లంకకి ఓసారి వెళ్ళాను.
మిట్టమధ్యాహ్నం. దాహం.
ఎవరో ఒకావిడ దోసకాయ కోసి,
మోకాలికేసి పగలగొట్టి,
ఉప్పు లేదని నొచ్చుకుంటూ ఇచ్చింది.
ఈవిడేనా? తెలీదు. అడగలేదు.
కాయ మాత్రం చల్లగా ఉంది.
దాని పొట్టమీద మట్టి ఉంది.
తుడవకుండానే తిన్నాను.

కాగితం మళ్ళీ ఎక్కించాను.
ఆ మాట మీద వరసగా ఎక్స్‌లు కొట్టి
కింద ఇంకో వాక్యం చేర్చాను:
ఆ భూమిని నేను చూశాను.
కర్త ఉంది. కింద నా సంతకముంది.
చెల్లదని గుమాస్తా తిప్పి పంపుతాడు,
రేపు మళ్ళీ పాతమాటే కొట్టాలి,
అదీ నాకు తెలుసు.

నూకాయమ్మ కొంగుముడి విప్పి
నాలుగు పదులు లెక్కపెట్టింది.
తీసుకున్నాను.
వద్దంటే, అది అబద్ధమయ్యేది.